పాపం ఎవరిది?

మా చెల్లి కళ్లల్లో తెల్లపొరతో పుట్టింది. చెవులు కూడా వినపడవు. "పోయిన జన్మ పాపం" అన్నారు ఊరోళ్లు. మేం మాదిగలుగా పుట్టినందుకూ వాళ్లు చెప్పే లెక్క అదే. అమ్మ నమ్మింది.

చెల్లి కడుపున పడ్డ రెండో నెలలో అమ్మకు జెరం, ఒళ్లంతా ఎర్రదద్దులు. అమ్మవారన్నారు. అది రుబెల్లా అయ్యుంటదని చదువుకున్నాకే నాకు తెలిసింది. గర్భం తొలినెలల్లో ఈ వైరస్ సోకితే పుట్టే బిడ్డకు కంట్లో పొర వస్తుందని ఆస్ట్రేలియా కంటి డాక్టరు నార్మన్ గ్రెగ్ 1941లోనే చెప్పాడు. 1969లో అమెరికాలో టీకా వచ్చింది. మా బడి పిల్లలకు సర్కారు ఆ సూది వేయించింది 2017లో.

ఆ సాయంత్రం ఈ సంగతి చెప్తే అమ్మ అడిగింది: "ఆ సూది అప్పుడు మనదాకా ఎందుకు రాలేదు బిడ్డా?"

ఆపగలిగిన దెబ్బను ఆపకుండా, తిన్నోళ్లకే పాపం అంటగట్టడానికి పెట్టుకున్న పేరు కర్మ. అమ్మా, ఆ పాపం నీది కాదు. చెల్లిది అసలే కాదు.