రంగప్రవేశ వాద్యం, ఆవేశం
ఆటగాళ్లు మైదానంలోకి అడుగుపెట్టే వేళ ఏ సంగీతం మోగాలన్నది ఫుట్‌బాల్ క్లబ్బులకు ఉత్సాహానికి సంబంధించిన విషయమే అయినా, ఓరుగల్లు సీమలో ఆ ప్రశ్న ఆవేశం, అనగా దైవం మనిషిలో ప్రవేశించడం, ఎలా కలుగుతుందన్న విచారణకు దారితీస్తుంది. కాకతీయ యోధులు యుద్ధానికి వెళ్లే ముందు శివుని ఎదుట పేరిణి నృత్యం చేసేవారని జనశ్రుతి. కాకతీయ రాజు గణపతిదేవుని గజసేనాధిపతి జాయప 13వ శతాబ్దిలో రచించిన నృత్తరత్నావళి మాత్రం దానిని దేశి నృత్యాలలో, అంటే ప్రాంతీయ సంప్రదాయాలలో చేర్చి, గజ్జెల ధ్వనికి సంబంధించిన ఘర్ఘరం మొదలైన అంగాలతో, సాధన చేసి నేర్వవలసిన విద్యగా వర్ణిస్తుంది. 20వ శతాబ్దిలో నటరాజ రామకృష్ణ దానిని పునరుద్ధరించినప్పుడు ఆధారమైనవి ఆ గ్రంథమూ, 1213 నాటి రామప్ప గుడి శిల్పాలూ. శిక్షణతో వచ్చే ఆవేశం దైవానుగ్రహమెలా అవుతుందన్న ఆక్షేపణ తేలికైనది కాదు గాని, లయ సిద్ధించినవాడిలోనే అహంభావం సడలుతుందన్న సమాధానమే బలమైనదిగా తోస్తుంది. లివర్‌పూల్‌లో ఫుట్‌బాల్ ఆటకు ముందు 1945 నాటి సంగీత నాటకపు పాటను అభిమానులే పాడతారు; అక్కడ ఆవేశం ఆటగాడిదో, గ్యాలరీదో తేల్చడం కష్టం. మేడారం జాతరలో సమ్మక్క దేవత చిలుకలగుట్ట దిగివచ్చేటప్పుడు డోళ్లు మోగించేవారికి ఈ సందేహం రాదు. వారి వాద్యం తరతరాలుగా చేతికి అందినదే.