గెడ్డలో పడక

మా అల్లుడు ఆదివారం పూట మా యింటికి వచ్చాడంటే అది పులిహోర కోసమన్నా అయి వుండాలి, నా సలహా కోసమన్నా అయి వుండాలి. పులిహోర అయితే నాకు బాధ లేదు. అది మా ఆవిడ శాఖ. సలహా అంటేనే భయం, అడిగినవాడు నిజంగా పాటిస్తాడేమోనని.

అల్లుడంటే కూతురి మొగుడు కాదు లెండి, మా చెల్లెలి కొడుకు. హైటెక్ సిటీలో ఉద్యోగం. ఎల్.బి.నగర్ దాకా మెట్రోలో వచ్చి, అక్కణ్ణించి ఆటో మాట్లాడుకుని నాదర్‌గుల్ చేరేసరికి వాడికి సగం ఆదివారం అయిపోతుంది. అంత కష్టపడి వచ్చినవాడు చెప్పులైనా విప్పకుండా ఫోను తీసి నా ముందు పెట్టాడు. అందులో ఏదో పటం. పచ్చటి కొండల మధ్య ఎర్రచుక్క వొకటి.

"మావయ్యా, కార్తీకమాసంలో మహేంద్రగిరి ఎక్కుతున్నాం. ఎనిమిదిమందిమి. రాత్రి బస మీరు చేసిన చోటే. గెడ్డలో, ఇసక మీద. చుక్క సరిగ్గా పెట్టానా చూడండి."

పులిహోర గిన్నెతో వస్తున్న మా ఆవిడ "మీ మావయ్య ఆ కథ చెప్పి చెప్పి మీ అందరికీ పిచ్చెక్కించారు" అంది. నేను చుక్క కేసి చూస్తూ వుండిపోయాను.

మహేంద్రగిరి సంగతి తెలియనివాళ్ళకి రెండు ముక్కలు. కోవాకి పేరుపడ్డ మా శ్రీకాకుళం జిల్లా మందసకి పైన, ఒడిశా గజపతి జిల్లాలో వుంది. ఎత్తు 1501 మీటర్లు. పరశురాముడు యిప్పటికీ అక్కడే తపస్సు చేసుకుంటున్నాడని మనవాళ్ళ నమ్మకం. పైన భీముడి గుడి, కుంతి గుడి, ధర్మరాజు గుడి అని పాత రాతిగుళ్ళు వున్నాయి. శివరాత్రికి జనం ఎక్కుతారు. పర్లాకిమిడి వైపునుంచి జీపు దారి వుంది. మందస వైపునుంచి వెళ్తే మాత్రం కాళ్ళనే నమ్ముకోవాలి. మా రోజుల్లో అటు రెండు దార్లు చెప్పేవారు. ఒకటి గెడ్డ పట్టుకుని పోవడం. కొండవాగుని మేం గెడ్డ అంటాం. చల్లగా వుంటుంది, నీళ్ళు మోసుకోనక్కర్లేదు, తప్పిపోయే భయం లేదు. రెండోది కొండ వెన్ను మీదుగా. ఎండ, చుట్టు ఎక్కువ, చుక్కనీరు దొరకదు.

1986 కార్తీకంలో మేం అయిదుగురం బయల్దేరాం. అందరం పాతికేళ్ళ చుట్టుపక్కల వాళ్ళం. అందులో వొకడు లెక్కల మేష్టారు. నేను అంతకుముందు వొకసారి సగం దాకా ఎక్కినవాణ్ణి గనక దారీ, బసా నన్నే తేల్చమన్నారు. నేను గెడ్డదారి అన్నాను. సాయంత్రానికి రెండు వంకలు కలిసేచోట తెల్లటి ఇసకతిన్నె కనిపించింది, పరుపు వేసినట్టు. ఇక్కడే అన్నాను. ఆ రాత్రి వండుకున్న కిచిడీ, ఆకాశంలో చుక్కలు, పక్కన నీళ్ళ చప్పుడు, వీటి గురించి నేను మా యింట్లో కనీసం నలభైసార్లు చెప్పి వుంటాను.

మర్నాడు పైకి వెళ్ళాం. సాయంత్రం దిగివచ్చి మళ్ళీ ఆ ఇసక మీదే పడుకోవాలని అనుకున్నాం. కాని పైన మేష్టారికి జ్వరం వచ్చింది. దిగలేనన్నాడు. సరే, గుడి దగ్గరే రాయికి రాయిలా ముడుచుకుని పడుకున్నాం. రాత్రి రెండు గంటలపాటు వాన. పొద్దున్న దిగివచ్చి చూస్తే ఇసకతిన్నె లేదు. మా పొయ్యిరాళ్ళు వుండాల్సిన చోట ఇంత లావు చెట్టుమొద్దు అడ్డంగా పడి వుంది.

మా చెల్లెలి పిల్లలకి చేరేసరికి యీ కథ ఎలా తయారైందంటే, "మావయ్యకి ముందే అనుమానం వచ్చి యివాళ పైనే వుండిపోదాం అన్నాడు" అని. నేనలా ఎప్పుడూ చెప్పలేదు. కాదని కూడా చెప్పలేదు. మేష్టారు మాత్రం మా స్నేహితులందరిలోనూ 'జ్వరం మేష్టారు' అయ్యాడు. నాలుగడుగులు ఎక్కగానే మూలిగే మనిషికి అదే పేరు స్థిరపడిపోయింది. పెళ్ళిళ్ళలో కూడా అలాగే పిలిచి నవ్వేవాళ్ళం. నేనూ నవ్వేవాణ్ణి.

ఎవరికీ చెప్పని ముక్క యింకొకటుంది. మొదటి రోజు సాయంత్రం నేనొక్కణ్ణీ నీళ్ళకి వెళ్ళినప్పుడు, పోడు దిగి వస్తున్న సవర ముసలాయన నన్ను ఆపి, ఇసకకేసి వేలు చూపించి, చెయ్యి అడ్డంగా వూపాడు. తెలుగూ, వాళ్ళ భాషా కలిపి ఏదో అన్నాడు. నాకు మాటలన్నీ అర్థం కాలేదు గాని సంగతి అర్థమైంది. పైనున్న రాతిచప్టా చూపించి, అక్కడ పడుకోమన్నాడు. దానికి యింకో అరగంట ఎక్కాలి. ఇసక చూసి అప్పటికే అందరూ మూటలు దింపేశారు. దారి తెలిసినవాడినన్న పేరు నాకు కొత్తగా వచ్చింది. తల వూపి, బిందె నింపుకుని వచ్చేశాను. ఆయన చెప్పకపోయినా చూసే కళ్ళుంటే కనిపిస్తూనే వుంది. మా తలల ఎత్తున పొదల్లో ఎండుగడ్డీ, పుల్లలూ చిక్కుకుని వున్నాయి. గెడ్డ ఎంతవరకూ లేస్తుందో గెడ్డే రాసిపెట్టిన కొలత అది. ఆ పుల్లలతోనే నేను పొయ్యి రాజేశాను.

ఇదంతా అల్లుడికి చెప్పాను. మా ఆవిడ గిన్నె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. వాడు కాసేపు ఆలోచించి, "కాని ఏమీ కాలేదుగా మావయ్యా. అప్పుడింక తప్పేముంది?" అన్నాడు.

వాడు నన్ను ఓదార్చడానికే అన్నాడు. కాని ఆ మాట వారం రోజులనుంచి నాతోపాటు ఎయిర్‌ఫీల్డ్ గోడ పక్కన సాయంకాలం నడకకి వస్తోంది.

ఏమీ కాకపోతే తప్పు లేనట్టేనా? మేష్టారు పిల్లల పేపర్లు దిద్దేటప్పుడు జవాబు కుదిరినా స్టెప్పులు తప్పయితే సున్నా పెట్టేవాడు. లోకం అలా దిద్దదు. జవాబు చూసి మార్కులు వేసేస్తుంది. 1976లో బెర్నార్డ్ విలియమ్స్, థామస్ నేగెల్ అనే యిద్దరు తత్త్వవేత్తలు దీని మీద వ్యాసాలు రాశారు. నైతికమైన అదృష్టం అని దానికో పేరు పెట్టారు. బ్రేకులు చూసుకోకుండా బండి తీసిన డ్రైవర్లు యిద్దరున్నారనుకోండి. ఒకడి బండికి ఎవరూ అడ్డం రాలేదు. రెండోవాడి బండికి పసివాడు అడ్డం వచ్చాడు. నిర్లక్ష్యం యిద్దరిదీ వొకటే. ఒకడు యింటికెళ్ళి భోంచేశాడు, రెండోవాడు జైల్లో వున్నాడు. నేను యింటికెళ్ళి భోంచేసినవాణ్ణి.

మన తెలుగుపిల్లల సంగతే తీసుకోండి. 2014 మే 25న పదమూడేళ్ళ మాలావత్ పూర్ణ, ఆమెతోపాటు ఆనంద్ కుమార్ ఎవరెస్టు ఎక్కారు. ఇద్దరూ సాంఘిక సంక్షేమ గురుకుల పాఠశాలల పిల్లలు. మాకు యాభై కిలోమీటర్లకి అటూయిటూ వున్న భువనగిరి బండ మీద తాళ్ళు పట్టుకుని ఓనమాలు నేర్చుకున్నారు. ఎవరెస్టుకి నేపాల్ వైపునుంచి వొక దారి, టిబెట్ వైపునుంచి వొక దారి. పదహారేళ్ళు నిండనివాళ్ళకి నేపాల్ అనుమతి యివ్వదు. అంచేత టిబెట్ వైపునుంచి తీసుకెళ్ళారు. ఆ సంవత్సరమే ఏప్రిల్ 18న నేపాల్ వైపు ఖుంబూ దగ్గర మంచు విరిగిపడి పదహారుమంది చనిపోయారు. వయసు చాలక వెళ్ళలేకపోయిన దారి అది. ఆ పిల్లలు క్షేమంగా దిగివచ్చారు గనక పంపించినవాళ్ళకి దండలు పడ్డాయి. పడవలసిందే, ఏర్పాట్లు గట్టిగా చేశారు. కాని జరగరానిది జరిగి వుంటే, అవే ఏర్పాట్లని పట్టుకుని మనమే "పసిపిల్లని ఎలా పంపించారయ్యా" అని వుండేవాళ్ళం. ఏర్పాట్లు మారవు, మన నోరు మారుతుంది.

దీనికి తిరగేసిన సంగతి మహేంద్రగిరి వున్న గజపతి జిల్లాలోనే జరిగింది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరీ జీడిమామిడీ నేలకూలాయి. గజపతి కొండల్లో బరఘర అనే వూళ్ళో జనం వానకి గుహలాంటి చోట తలదాచుకుంటే, కొండచరియ విరిగిపడి పదిమందికి పైగా చనిపోయారు. వాళ్ళు చేసిన తప్పేమిటి? ఆ వానలో నేనైనా అక్కడికే పరుగెత్తేవాణ్ణి. ఆలోచించి చోటు ఎంచుకున్నవాళ్ళు పోయారు. ఆలోచించని నేను యిక్కడ కాఫీ తాగుతున్నాను.

ఫలితం మన చేతిలో లేదని గీతలో చెప్పాడు కదా అంటారు. నిజమే. అయితే మనం ఆ మాట పని చెడినప్పుడే తలుచుకుంటాం. పని కుదిరినప్పుడు ఎవరూ తలుచుకోగా నేను చూడలేదు. ఫలితం నాది కాకపోతే, మహేంద్రగిరి ముందుచూపు బిరుదు కూడా నాది కాకూడదు గదా! దాన్ని నలభయ్యేళ్ళు వాడుకున్నాను.

ఇంకొకటి. నేనొక్కణ్ణే వెళ్ళి గెడ్డలో పడుకుంటే అది నా ఖర్మ. ప్రాణం నాది, పంతం నాది. నలుగురు "నీ యిష్టంరా" అని మూట దింపినప్పుడు లెక్క మారిపోతుంది. ముసలాయన మాట నా వొక్కడికి చెప్పింది కాదు, మా అయిదుగురికీ చెప్పింది. అందులో నాలుగు వంతులు నేను దాచేసుకున్నాను. చెప్పి, అప్పుడు కూడా వాళ్ళు "ఫరవాలేదు, యిక్కడే పడుకుందాం" అని వుంటే అదింకోలా వుండేది. తెలియక చేసినదానికి క్షమాపణ వుంటుంది. నాకు తెలుసు. అయితే నిజం చెప్పొద్దూ, ఆ రాత్రి ఎవరైనా పోయి వుంటే నాకు వుండే బాధా, యిప్పటి యీ బాధా వొకటే అని నేను చెప్పలేను. ఒకటే అయివుండాలని బుద్ధికి తెలుస్తోంది. ప్రాణం వొప్పుకోవడం లేదు. నేగెల్ గారు కూడా యిక్కడ చిక్కుముడి విప్పకుండానే వదిలేశారు. నేనెంత!

అల్లుడూ నేనూ మళ్ళీ పటం ముందు కూర్చున్నాం. ఎర్రచుక్క తీసేశాడు. వెన్ను మీదుగా వెళ్ళమన్నాను. మనిషికి నాలుగు లీటర్ల నీళ్ళు మోసుకోవాలన్నాను. "ఎనిమిదిమందిలో యిద్దరు ఎప్పుడూ కొండ ఎక్కలేదు మావయ్యా" అన్నాడు. అయితే వాళ్ళ కాళ్ళనిబట్టి గంటలు లెక్కకట్టు, నీ కాళ్ళనిబట్టి కాదు అన్నాను. బస వెన్ను కొస మీద కూడా వద్దు, పిడుగుల భయం. కొసకి కొంచెం దిగువన, గాలి తగలని వైపు, పైన వొరిగిన చెట్టూ వూగే బండా లేని చోటు చూసుకోవాలి. చుక్కలు కనిపిస్తున్నాయి గదా అని గెడ్డని నమ్మకూడదు. వాన మన నెత్తి మీదే పడాలని లేదు, ఎగువన పడ్డా చాలు, నీళ్ళు మన పడక వెతుక్కుంటూ వస్తాయి. అల్పపీడనం అన్నమాట వినిపిస్తే ఫలక్‌నుమా టిక్కెట్లు రద్దు చేసుకోవడమే. అటవీశాఖవారిని అడగాలి. ముందుగా కింద వూళ్ళో ముసలివాళ్ళని అడగాలి. అడిగి, వాళ్ళన్నది ఎనిమిదిమందికీ వినిపించేలా చెప్పాలి.

వాడు అన్నీ ఫోనులో రాసుకుని, "మరి ఫోటోలకి ఇసక బాగుండేది" అన్నాడు. కుర్రాడు!

రాత్రి పలాసలో వున్న మేష్టారికి ఫోను చేశాను. చాలా కాలమైంది చేసి. ముసలాయన సంగతి చెప్పాను, జ్వరం పేరుతో యిన్నేళ్ళు నవ్వినందుకు క్షమించమన్నాను. అటు చప్పుడు లేదు. లైను తెగిందేమో అనుకున్నాను.

"నాకు జ్వరం రాలేదురా" అన్నాడు చివరికి. "పొదల్లో ఎండుగడ్డి చూశాను. మొదటి రాత్రంతా నిద్ర పట్టలేదు. భయం వేస్తోందంటే మీరు నవ్వుతారు. జ్వరమంటే దుప్పటి కప్పుతారు. అంతే."

నేనేం మాట్లాడలేదు. నేను అదృష్టమని నలభయ్యేళ్ళు అనుకుంటున్నది గుడి పక్కన ముక్కుతూ మూలుగుతూ దుప్పట్లో పడుకుని వుంది. ఎందుకు చెప్పలేదురా అని అడుగుదామనుకున్నాను. ఏ మొహం పెట్టుకుని అడగను?

మేష్టారే మళ్ళీ అందుకున్నాడు. "మీ అల్లుడి జట్టు ఎంతమంది అన్నావు?"

"ఎనిమిదిమంది."

"వాళ్ళలో జ్వరం వచ్చేవాడు ఎవడైనా వున్నాడేమో కనుక్కున్నావా?"