క్షమింపబడని పాపము

సువార్తలలో మిక్కిలి మృదువైన మాటలు పలికిన నోటనే మిక్కిలి కఠినమైన మాటయు నొకటి వెలువడినది. మనుష్యుల సమస్త పాపములకును క్షమాపణ గలదనియు, పరిశుద్ధాత్మను దూషించుట కొక్కదానికి మాత్రము ఎన్నటికిని లేదనియు యేసు చెప్పినట్లు మత్తయి, మార్కు, లూకా మువ్వురును వ్రాసియున్నారు. ఈ మాటయొక్క పూర్వార్ధమును తలచువారు అరుదు. ఉత్తరార్ధమో, శతాబ్దముల తరబడి ఎందరి నిద్రనో హరించినది. తప్పిపోయిన కుమారుని కథను కంఠపాఠముగా నెఱిగినవారు సయితము రాత్రివేళ నొంటిగానున్నపుడు ఈ వాక్యమును తలచుకొని వడకినారు. అది యెవరితో చెప్పబడెనో, ఎవరు దానిని తమదిగా గైకొనిరో, ఈ రెండు సంగతులను నేడు విచారింతము.

మార్కు సువార్త మూడవ అధ్యాయమును తెఱచి చూడుడు. జనులు క్రిక్కిరిసియుండుటచే యేసునకును శిష్యులకును భోజనము చేయుటకైనను వీలులేకుండెను. మతి చలించినదని యింటివారే యాయనను పట్టుకొనిపోవ వచ్చిరి. ఆ సమయముననే యెరూషలేమునుండి శాస్త్రులు దిగివచ్చిరి. వీరు చదువురానివారు కారు. ధర్మశాస్త్రమును అక్షరాక్షరము నెఱిగినవారు, జనుల మన్ననకు పాత్రులైనవారు. జరిగిన మేలును కాదనుట వీరికి సాధ్యము కాలేదు. కాని ఆ మేలు తమ చేతులమీదుగా జరుగలేదు. తమ పాఠశాలలలో చదువని యొక వడ్రంగివాని చేతులమీదుగా జరిగినది. కావున వీడు దయ్యముల యధిపతియగు బయెల్జెబూలు సహాయమున దయ్యములను వెడలగొట్టుచున్నాడని ప్రచారము చేయసాగిరి. మత్తయి చెప్పిన ప్రకారము అపుడు స్వస్థత నొందినవాడు గ్రుడ్డివాడును మూగవాడునైన యొక దీనుడు. వాని కన్నులు తెఱవబడినందుకు సంతసించుటకు మారుగా, తెఱచినవాడెవడని చూచి, అది దయ్యపు పని యనిరి.

ఆ కఠినవాక్యము వీరితో చెప్పబడినది. మార్కు దానిని వ్రాసి యూరకుండక, యేసునకు అపవిత్రాత్మ పట్టినదని వారనుచుండిరి గనుక నాయన యిట్లు పలికెనని కారణమును గూడ చేర్చినాడు. గ్రీకు మూలమున ఆ క్రియ ఒక్కమారు అనిరని కాక, అనుచుండిరని యర్థమిచ్చు రూపమున నున్నది. అది నోరుజాఱిన మాట కాదు, కోపమున వచ్చిన తిట్టు కాదు, చీకటిలో తనంతట మనసున దూరిన దుష్టభావన యంతకంటెను కాదు. తెలిసి, మరల మరల, వెలుగును చీకటి యనుట. మఱియొక విశేషము. మీరు ఆ పాపమును చేసితిరని యేసు వారితోనైనను చెప్పలేదు. చీలిన రాజ్యమును గూర్చియు, బలవంతుని యింటిని గూర్చియు దృష్టాంతములు చెప్పి వారితో వాదించినాడు. ఇక నాశలేదని నిశ్చయించినవానితో నెవడు వాదించును?

ఇంత తేటగానున్న సంగతి తరువాతి కాలమున చిక్కుపడినది. ఒకమారు వెలుగును చూచి తొలగిపోయినవారికి మరల మారుమనస్సు కలుగజేయుట అసాధ్యమను భావము హెబ్రీయులకు వ్రాసిన పత్రికలో గలదు. మరణకరమైన పాపమను మాట యోహాను మొదటి పత్రికలో గలదు. ఈ మూటిని ఒక్కచో ముడివేయగా ఒక గొలుసు ఏర్పడెను. క్రీ. శ. 250లో రోమను చక్రవర్తియైన డీసియసు, ప్రజలు దేవతలకు బలి యర్పించి, అర్పించినట్లు ధ్రువపత్రము పొందవలెనని శాసించెను. (అట్టి పత్రములు కొన్ని ఐగుప్తుదేశమున నేటికిని చెడకుండ దొరకినవి.) ప్రాణభీతిచే ననేక క్రైస్తవులు బలి యిచ్చిరి; కొందఱు లంచమిచ్చి పత్రమును మాత్రము కొనుక్కొనిరి. హింస తగ్గిన పిమ్మట వీరు కన్నీళ్లతో సంఘద్వారమునకు తిరిగివచ్చిరి. వీరిని చేర్చుకొనవచ్చునా? రోములో నొవేషియను అను పండితుడు కూడదనెను. కార్తేజి బిషప్పు సిప్రియను, తగిన ప్రాయశ్చిత్తము జరిపించి చేర్చుకొనవలెననెను. 251లో నొవేషియను పక్షము వేఱు సంఘముగా చీలిపోయెను. 325లో నైసియా మహాసభ జరిగినపుడు ఆ పక్షపు బిషప్పగు అకేసియసు కాఠిన్యమును విని, ఒక నిచ్చెన వేసికొని యొంటరిగనే స్వర్గమున కెక్కుమని కాన్‌స్టంటైను చక్రవర్తి పరిహసించెనని సోక్రటీసను సంఘచరిత్రకారుడు వ్రాసెను. పరిహాసము చక్కగనే యున్నది. కాని ఆ చక్రవర్తి తానును 337లో మరణశయ్యపై నున్నప్పుడుగాని బాప్తిస్మము పొందలేదు!

అగస్టీను ఈ వాక్యముపై దీర్ఘోపన్యాసము చేసి, లేఖనములలో నింతకంటె కష్టమైన ప్రశ్న లేదేమో యని యొప్పుకొనియు, తుదకు చివరి శ్వాసవఱకు పశ్చాత్తాపపడనొల్లని హృదయకాఠిన్యమే యీ పాపమని నిర్ణయించెను. 1992లో రోమను కథోలిక సంఘము ప్రకటించిన ధర్మోపదేశ గ్రంథమును దాదాపు ఈ దారినే నడచినది. పండితులకు సమాధానము దొరకినది. పామరులకో?

ఇటలీ దేశమున పాదువా పట్టణమునకు సమీపమున చిత్తదెల్ల యను నూర ఫ్రాంచెస్కో స్పియెరా యను న్యాయవాది యుండెను. అతడు సంస్కరణపక్షపు విశ్వాసములను గైకొని, 1548లో విచారణాధికారులకు భయపడి వానిని బహిరంగముగా విడనాడెను. ఆ పిమ్మట, దేవుడు తన్ను విడిచెనను నమ్మకము వాని మనసున పాతుకొనిపోయెను. స్నేహితులెంత చెప్పినను వినక, ఆ యేటనే నిరాశతో మృతినొందెను. వాని కథ గ్రంథరూపమున దేశదేశములకు ప్రాకెను. నూఱేండ్ల తరువాత ఇంగ్లాండులో బెడ్ఫర్డు ప్రాంతమున లోహపాత్రలకు మాట్లు వేసి జీవించు జాన్ బన్యను చేతిలో నా గ్రంథము పడెను. అప్పటికే, క్రీస్తును అమ్మివేయుమను మాట రేయింబవళ్లు వాని చెవిలో మ్రోగుచుండెను. ఒకనాడు అలసి, పోవలెనన్న పోనిమ్మని మనసులో ననుకొనెను. అంతే, తాను క్షమింపరాని పాపము చేసితినని నిశ్చయించుకొని చిరకాలము కుమిలెను. స్పియెరా కథ పచ్చిపుండుపై ఉప్పు రాచినట్లుండెనని 1666లో ప్రకటించిన తన స్వీయచరిత్రలో నతడే చెప్పుకొనెను. ఒక వృద్ధ క్రైస్తవుని యొద్దకు పోయి, పరిశుద్ధాత్మకు విరోధముగా పాపము చేసితినేమోనని భయముగానున్నదని విన్నవింపగా, ఆ పెద్దమనుష్యుడు తనకును అట్లే తోచుచున్నదని బదులు చెప్పెనట! ఇట్టి యుపదేశకుని గూర్చి మేమేమి చెప్పుదుము? మునుగుచున్నవాడు చేయి చాచగా, నీవు మునుగుచున్నమాట నిజమే యని చెప్పి తన దారిన పోయినట్లున్నది. ఇచ్ఛలేకయే మనసున దూరి బాధించు తలపులు ఒక వ్యాధి లక్షణము కావచ్చుననియు, చికిత్సకు లొంగుననియు నేటి మనోవైద్యులు ఎఱుగుదురు. బన్యనుకు అట్టి వైద్యుడు లేడు. అయినను అతడు బయటపడెను.

విలియం కౌపరు కవి సంపూర్ణముగా బయటపడలేదు. 1763లో మతి చెదరినపుడు అతనిని బాధించిన భయములలో ఈ పాపభయమును ఒకటి. కొంతకాలము కోలుకొని దేవుని కృపను కీర్తించుచు గీతములు రచించెను. 1773లో మరల నిరాశ క్రమ్మెను; ఆ పిమ్మట 1800లో మరణించువఱకు దేవాలయములో నడుగుపెట్టలేదు. కుందేళ్లను ప్రేమతో పెంచిన సాధువు తాను శాపగ్రస్తుడనని నమ్మెను. అతనితో కలసి 1779లో ఓల్నీ గీతములను ప్రకటించిన జాన్ న్యూటనో, పూర్వాశ్రమమున బానిసల నోడ నడిపినవాడు. న్యూటను దైవకృపను నమ్మి శాంతి పొందెను. తాను చేసిన వ్యాపారపు ఘోరమును 1788లో బహిరంగముగా ప్రకటించెను. ఈ యిద్దఱిని ప్రక్కప్రక్కన నిలిపి చూచినపుడు, భయము పాపమునకు కొలబద్ద కాదని మాకు తోచుచున్నది. భయపడు హృదయము రాయి కాలేదు. శాస్త్రులు భయపడలేదు.

సోదరులారా, చదివినవారమగు మనము జాగ్రత్త పడవలసిన చోటు ఇదియే. మనకు గిట్టని పక్షమువాడొక యనాథశాల నెలకొల్పినచో, కీర్తికొఱకని యందుము. పరమతస్థుడు కుష్ఠరోగి పుండ్లు కడిగినచో, మతము కలుపుకొనుటకని యందుము. ఒక్కొక్కప్పుడు అది నిజమును కావచ్చును. విచారణ చేయుట తప్పు కాదు. కాని మేలును మేలని యొప్పుకొన నోరురాని యలవాటు దినదినము పెరిగి, తుదకు కన్నే కానరాకపోవును. దీపము లేక కాదు, కన్ను లేక చీకటి. అట్టివానికి క్షమాపణ లేదనుటలో దేవుని కోపము మాకు కనబడుట లేదు; ఇచ్చు చేతిని దయ్యపు చేయి యనువాడు దానినుండి యేమి పుచ్చుకొనగలడు?

క్షమాపణ యెట్లు కలుగుననుటలో మన దేశమునందును వివాదము జరిగినది. 1820లో రాజా రామమోహనరాయలవారు కలకత్తాలో యేసు నీతివాక్యములను సువార్తలనుండి యేర్చి ప్రకటింపగా, క్రీస్తు మరణమను ప్రాయశ్చిత్తమును విడిచిన నీతివాక్యములు మనుజుని రక్షింపజాలవని శ్రీరామపురపు మిషనరీ మార్ష్‌మన్‌గారు ఆక్షేపించిరి. రాయలవారు 1823లోపల మూడు విజ్ఞప్తులు ప్రకటించి, నిజమైన పశ్చాత్తాపమును దేవుడు అంగీకరించునని సువార్తలనుండియే చూపిరి. శిలువ క్రైస్తవ సోదరుల విశ్వాసమునకు ప్రాణము. దానిని మేము తేలికగా నెంచము. అయినను కుమారుని దూరముననే చూచి పరుగెత్తిన తండ్రి క్రొవ్విన దూడను వధించినది విందుకొఱకే యని మాత్రము మనవి చేయుదుము.

ఇచ్చిన క్షమాపణను మరల తీసికొన్న కథ యొకటి మత్తయి సువార్తలో గలదు. పదివేల తలాంతుల ఋణమును రాజు కొట్టివేయగా, ఆ ఋణస్థుడు తనకు నూఱు దేనారములు బాకీపడిన తోడిపనివాని గొంతు పట్టుకొనెను. దేనారము ఒక దినకూలి. తలాంతు సుమారు 6,000 దేనారములు. ఆఱు కోట్ల దినముల కూలి మాఫీ పొందినవాడు నూఱు దినముల కూలికై గొంతు నులిమినాడన్నమాట! రాజు కోపము వాని పాతబాకీపై గాదు.

క్రీస్తు నెఱుగనని బొంకినవానికి చోటులేదని నొవేషియను పక్షమువారు వాదించినపుడు, పేతురును వారు ఏమి చేసిరో మాకు విస్మయము. ప్రధానయాజకుని ముంగిట బొగ్గుల నిప్పుచెంత చలికాచుకొనుచు అతడు మూడుమారులు బొంకెను. యోహాను సువార్త కడపటి అధ్యాయమున, సరస్సు ఒడ్డున, మరల బొగ్గుల నిప్పు గలదు. దానిపై చేపలు, చెంత రొట్టె. రాత్రియంతయు వలలు వేసి యలసివచ్చినవారిని యేసు మొదట భోజనమునకు పిలిచెను. భోజనమైన పిమ్మట, తన్ను ప్రేమించుచున్నావా యని పేతురును మూడుమారులు అడిగెను. ఆ రాత్రి మాట యెత్తలేదు. అతడు అవునన్న ప్రతిపర్యాయమును తన మందను కాచు పనిని అతనికి అప్పగించెను.