సువర్ణ కణములు – రోగి సమ్మతి

కాన్సరు గడ్డను మాత్రమే దహించి, చుట్టునున్న మేనిని విడిచిపెట్టు ఉపాయమును అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయమున నవోమీ హాలస్, జెన్నిఫర్ వెస్ట్ అను శాస్త్రజ్ఞురాండ్రు చూపిరి. సిలికా గుండుపై పలుచని బంగారు పూత. మొత్తము వ్యాసము సుమారు 150 నానోమీటర్లు. రక్తములోనికి ఎక్కించిన ఈ కణములు గడ్డలోని లోపభూయిష్టమైన రక్తనాళముల సందులనుండి లోనికి చేరును. పిదప కంటికి కానరాని పరారుణ కాంతిని లేసరుతో ప్రసరింపజేయగా బంగారము వేడెక్కి గడ్డను మాడ్చును.

2019లో ప్రచురితమైన ప్రయోగమునకు ప్రోస్టేటు కాన్సరు గల 16 మంది సమ్మతించిరి. చికిత్స పూర్తియైన 15 మందిలో 13 మందికి, ఏడాది పిమ్మట, చికిత్స చేసిన చోట కాన్సరు కానరాలేదు.

శస్త్రచికిత్సచే మూత్రముపై అదుపు, దాంపత్య శక్తి నశింపవచ్చును. ఆ భయముతో పలికిన సమ్మతి స్వేచ్ఛా సమ్మతియేనా? భయము లేని రోగి యెవడు? భయపడినాడు గావున వాని మాట చెల్లదనుట వానిని పసివానిగా జూచుటయే. సమ్మతిని చెరుపునది దాపరికము. ఈ బంగారము శరీరమున అరగదు. చాల భాగము కాలేయమున, ప్లీహమున చేరి చిరకాలము నిలుచును. ఈ సంగతి వైద్యుడు ముందుగనే చెప్పవలెను. బంగారమేగదా, పెద్దలు స్వర్ణభస్మము సేవింపలేదా యని రోగి తనంతట తానే సమాధానపడినచో, తనకు అనుకూలమైనను ఆ భ్రమను వైద్యుడే తొలగింపవలెను.