తాపీ ఎవరి చేతిలో?

అమెరికాలో మా వంటింటి గట్టు మీది పాత ఫార్మికా పీకేసి నేనే టైల్స్ వేసుకున్నాను. ప్లైవుడ్ మీద సిమెంటు బోర్డు బిగించి, పళ్ల తాపీతో జిగురు సిమెంటు చాళ్లు చాళ్లుగా పరిచి, మట్టం చూసుకుంటూ ఒక్కో టైలూ నొక్కాను. గట్టిపడ్డాక సందుల్లో గ్రౌటు నింపాను. తాపీ గీరుకునే ఆ చప్పుడు నాకెంత నచ్చిందో! స్నేహితులు దీన్ని స్వావలంబన అన్నారు.

ఆ మాట నాకు మింగుడుపడలేదు. హైదరాబాదు కట్టడాల దగ్గర పాలమూరు నుంచి వలసొచ్చిన ఆడవాళ్లు మాలు అందిస్తారు, తట్టలు మోస్తారు, గోడలు తడుపుతారు. ఏళ్ల తరబడి చేసినా తాపీ చాలావరకు మగవాడిదే, మేస్త్రీ కూలీ అతనిదే. తట్ట బరువులో తాపీ బరువెంత? బలం సంగతి కాదిది. (ఇంట్లో వంట మనది, హోటల్లో వంటమాస్టరు మగవాడు. తెలిసిన లెక్కే.)

మరి నా చేతికి తాపీ ఎలా వచ్చింది? ఇక్కడ పనివాళ్ల కూలీ ఎక్కువ, పనిముట్లు దుకాణంలో దొరుకుతాయి, నాకు సెలవులున్నాయి. అన్నిటికన్నా, పాడైతే పోయేది నా డబ్బే. అడిగేవాళ్లు లేరు. పని చేతికి రావాలంటే కొంత పాడుచేసే వీలుండాలి కదా. కోతలో విరిగేవాటి కోసం 10 శాతం టైల్స్ ఎక్కువ కొనడం ఇక్కడ మామూలే. తట్ట మోసే ఆమె పేరున ఆ 10 శాతం ఏ మేస్త్రీ లెక్కలో రాస్తాడు?