సంతకం ఆమెది, సర్పంచ్‌గిరీ ఆయనది

2025 మార్చిలో ఛత్తీస్‌గఢ్‌లోని కబీర్‌ధామ్ జిల్లా పరస్వారా పంచాయతీలో వార్డు సభ్యుల ప్రమాణ స్వీకారం జరిగింది. గెలిచింది ఆరుగురు ఆడవాళ్లు. ప్రమాణం చేసింది వాళ్ల మొగుళ్లు. వీడియో బయటికొచ్చింది, పంచాయతీ కార్యదర్శి సస్పెండయ్యాడు, దేశమంతా నవ్వుకుంది. మనమూ నవ్వాం. మన ఊళ్లలో ప్రమాణం వరకైతే ఆమే చేస్తుంది కదా అన్న ధీమా కాబోలు.

ఆ తర్వాతి సంగతి అందరికీ తెలిసిందే. పండక్కి కట్టిన ఫ్లెక్సీలో సర్పంచ్‌గా ఆమె పేరు, పక్కనే ఆమె కంటే పెద్దగా నల్లకళ్లద్దాలతో వాళ్లాయన ఫొటో. ‘సర్పంచ్ గారూ’ అని కేకేస్తే పలికేది ఆయనే. తీర్మానాల పుస్తకం ఇంటికొస్తుంది. పొయ్యి మీద పాలు పొంగుతాయేమోనని ఒక కన్ను అటేసి, ఆయన వేలు పెట్టిన చోట ఆమె సంతకం చేస్తుంది. ఏ పనికి ఎంత బిల్లో చదివే తీరిక ఉండదు. చదువుతానంటే ‘నీకెందుకు ఆ తలనొప్పి’ అంటారు, ఎంతో ప్రేమగా.

ఏడున్నర శతాబ్దాల కిందట ఓరుగల్లులో ఇదే కథ తిరగబడి నడిచింది. గణపతిదేవుడి కూతురు రుద్రమ రాజ్యమేలింది, యుద్ధాలు నడిపింది. శాసనాల్లో మాత్రం ‘రుద్రదేవ మహారాజు’ అయింది. అప్పుడు పాలన ఆడదానిది, పేరు మగవాడిది. ఇప్పుడు పేరు ఆడదానిది, పాలన మగవాడిది. ఇందులో ఏది ముందడుగు? నాకైతే రుద్రమ స్థితే నయమనిపిస్తుంది. పేరు పోయినా నిర్ణయం ఆమె చేతిలో ఉంది. కానీ రెండు కాలాలూ ఒక్క నమ్మకం మీదే నిలబడ్డాయి: అధికారానికి మగ రూపమే ఉండాలని.

ఆ నమ్మకం ఎంత లోతుదో పశ్చిమ బెంగాల్‌లోని బీర్భూమ్ జిల్లాలో కొందరు ఆర్థికవేత్తలు పరీక్షించారు. వాళ్లలో ఎస్తేర్ డఫ్లో ఒకరు. ఒకే ప్రసంగాన్ని కొందరికి మగ గొంతులో, కొందరికి ఆడ గొంతులో వినిపించారు. మాట మారలేదు. అయినా పంచాయతీకి ఎన్నడూ మహిళా ప్రధాన్ (అక్కడి సర్పంచ్) లేని ఊళ్లలో మగవాళ్లు ఆడ గొంతుకు తక్కువ మార్కులేశారు. రిజర్వేషన్ వల్ల ఆడవాళ్ల పాలన చూసిన ఊళ్లలో ఆ చిన్నచూపు పోయింది. వరుసగా రెండుసార్లు రిజర్వయిన చోట, ఆ తర్వాత జనరల్ సీట్లలోనూ ఎక్కువమంది ఆడవాళ్లు గెలిచారు. నన్ను ఆలోచనలో పడేసిన విషయం ఇంకొకటి ఉంది. ఆమె సమర్థురాలని ఒప్పుకున్న మగవాళ్లు కూడా ‘నాయకుడు మగవాడైతేనే బాగుంటుంది’ అనే ఇష్టాన్ని వదులుకోలేదు.

అంటే ‘వాళ్లకు చేతకాదు’ అన్నది అసలు కారణం కాదన్నమాట. అది ఇష్టానికి తొడిగిన ముసుగు. మరి ఒకరి ఇష్టాయిష్టాల మీద ఇంకొకరి హక్కు ఆధారపడాలా?

మగవాడిని పదవికి ముందు సమర్థత నిరూపించుకొమ్మని ఎవరూ అడగరు. కుర్చీలో కూర్చున్నాక నేర్చుకుంటాడులే అనుకుంటారు. నేర్చుకునే క్రమంలో తప్పులు చేస్తాడు, దాన్నే అనుభవమంటాం. ఆమె మొదటి తప్పు మాత్రం ఆడజాతి మొత్తం ఖాతాలో పడుతుంది. ‘ఆడవాళ్లొస్తే అవినీతి తగ్గుతుంది, కరుణ పెరుగుతుంది’ అనే పొగడ్త కూడా నాకు నచ్చదు. పదవి దక్కాలంటే దేవత కావాలా? సాదాసీదా మనిషైతే చాలదా? మగవాళ్లకు చాలింది కదా.

ఇంకా ముందే తలుపు మూసేసిన సందర్భాలున్నాయి. 1994 ఆంధ్రప్రదేశ్ పంచాయతీరాజ్ చట్టం ఇద్దరికి మించి పిల్లలున్నవాళ్లను పోటీకి అనర్హులను చేసింది. ఆ రాష్ట్రం ఆ నిబంధనను 2024లో గానీ ఎత్తేయలేదు. చట్టం భార్యాభర్తలను ఒకేలా చూసిందనే అనవచ్చు. కానీ మూడో కాన్పు వద్దనే హక్కు ఎన్ని ఇళ్లలో ఆమెకు ఉంది? కొడుకు కోసం ఆమెను మళ్లీ కనమన్నది ఇల్లు. కన్నందుకు పోటీకి పనికిరావన్నది రాజ్యం.

పైకి వెళ్లేకొద్దీ మెట్లు మరీ ఎత్తవుతాయి. దుర్గాబాయి దేశ్‌ముఖ్ రాజ్యాంగ సభలో కూర్చున్నారు. అయినా 1952 ఎన్నికల్లో ఓడిపోయారు. 1956 నుంచి ఇప్పటిదాకా తెలుగు నేల మీద ఒక్క మహిళ కూడా ముఖ్యమంత్రి కాలేదు. 2024లో లోక్‌సభకు 543 మందిలో గెలిచిన మహిళలు 74 మందే. చట్టసభల్లో మూడో వంతు సీట్ల బిల్లు మొదటిసారి 1996లో వచ్చింది. 2023లో లోక్‌సభ దాన్ని 454–2 ఓట్లతో ఆమోదించింది. అమలు మాత్రం జనగణన, నియోజకవర్గాల పునర్విభజన తర్వాతేనని అందులోనే రాసుకున్నారు. ఇద్దరు తప్ప అందరికీ ఇష్టమైన పనికి ఇంత షరతెందుకో?

ఇక్కడ ఊళ్లో సర్పంచ్‌గా ఆమె అయిదేళ్లు పూర్తవుతాయి. ఈలోగా ఆమె నిధుల లెక్క, మండలాఫీసు మర్యాదలు, ఎవరికి ఎప్పుడు ఫోన్ చేయాలో అన్నీ ఎలాగో ఆకళింపు చేసుకుంటుంది. సరిగ్గా అప్పుడే రిజర్వేషన్ మారి సీటు జనరల్ అవుతుంది. ‘ఇక రెస్టు తీసుకో’ అంటాడాయన, నామినేషన్ ఫారం తన పేరుతో నింపుకుంటూ. పార్టీ కూడా ఆయన్నే పిలుస్తుంది. ఈ అయిదేళ్లూ పని నేర్చుకున్నది ఎవరని అక్కడ ఎవరూ అడగరు.