హారన్ మోగింది కాబట్టి

కోవెంట్రీలో ఒక కుర్రాడు ఇంటి పక్క షెడ్డులో కారు కట్టుకుంటున్నాడు. కొనుక్కోవడం కాదు, కట్టుకోవడమే. ఇంగ్లండులో ఇదో పాత పిచ్చి. చట్రం, బాడీ రేకులు, సస్పెన్షన్ సామాను పెట్టెల్లో ఇంటికి వస్తాయి. ఇంజిను, గేర్‌బాక్సు ఏ పాత ఫోర్డ్ సియెరా నుంచో, మాజ్డా ఎంఎక్స్-5 నుంచో పీకి తెచ్చుకుంటారు. సెలవు రోజుల్లో కూర్చుని బిగించుకుంటారు. దాన్నే కిట్ కారు అంటారు. ఈ వంశానికి మూలపురుషుడు లోటస్ సెవెన్. 1957లో కాలిన్ చాప్‌మన్ దాన్ని బయటికి తెచ్చిన రోజుల్లో తయారైన కారు మీద కొనుగోలు పన్ను పడేది, విడి భాగాల మీద పడేది కాదు. అయితే బిగించే పద్ధతి కూడా రాసిస్తే పన్నువాళ్ళు ఒప్పుకోరు. అందుకని ఊడదీసే పద్ధతి రాసిచ్చి, కింది నుంచి పైకి చదువుకోమన్నారట. నిజమో కాదో గాని, ఆ కార్ల వాళ్ళు ఇప్పటికీ ఈ ముచ్చట నవ్వుతూ చెప్పుకుంటారు. 1973లో పన్నుల తీరు మారి ఆ లాభం పోయింది. పిచ్చి మాత్రం పోలేదు.

కుర్రాడి కారూ ఆ అచ్చులోదే. తలుపులు లేవు. ఒక పక్క గేర్‌బాక్సు గూడు, ఇంకో పక్క రేకు, మధ్యలో మనిషి. కాళ్ళు చాపి కూర్చుంటే స్టీరింగ్ చక్రం తొడలకు తగులుతుంది. పై గుడ్డ కప్పి ఉన్నప్పుడు లోపలికి దూరడం ఇంకా పెద్ద యాతన. అందుకే ఇలాంటి కార్లవాళ్ళు చాలామంది స్టీరింగుకు క్విక్ రిలీజ్ పెట్టుకుంటారు. చక్రం వెనక ఒక కాలర్ ఉంటుంది. దాన్ని వేళ్ళతో వెనక్కి లాగితే చక్రం చేతికి వచ్చేస్తుంది. కారెక్కి కూర్చుని మళ్ళీ తోస్తే టక్కున పడుతుంది. దిగేటప్పుడు చక్రాన్ని సంచిలో వేసుకుపోతే దొంగకూ ఇబ్బందే.

కుర్రాడు సరుకు బాగా చూసే కొన్నాడు. బిగించే రోజు పక్కింటి పెద్దాయన్ని పిలిచాడు. ఆయన కాన్లీ ఫ్యాక్టరీలో ట్రయంఫ్ కార్లు బిగించిన మనిషి. 1980లో అక్కడ కార్ల లైను ఆగిపోయాక రకరకాల పనులు చేశాడు గాని, చేతికి పానా ఇస్తే ఇప్పటికీ ముఖం వెలిగిపోతుంది.

స్టీరింగ్ కాలమ్ చివర ఉన్న సన్నటి పళ్ళ మీద, చక్రాన్ని మోసే బాస్ అనే కొత్త ముక్క ఎక్కించి, నట్టును టార్క్ రెంచ్‌తో బిగించారు. పెద్దాయన నట్టు మీద నుంచి బాస్ మీదికి పసుపు పెయింటుతో ఒక గీత గీశాడు. నట్టు కదిలితే గీత విరుగుతుంది, చూడగానే తెలుస్తుంది. బాస్ మీద క్విక్ రిలీజ్ మగ ముక్క బిగించారు. ఆడ ముక్కను చక్రానికి ఆరు స్క్రూలతో పట్టించారు. ఆ ఆరు బెజ్జాలూ 70 మిల్లీమీటర్ల వృత్తం మీద ఉంటాయి. మోమో చక్రాల కొలత అది. నార్డి వాళ్ళది 74. ఈ నాలుగు మిల్లీమీటర్లు చూసుకోకుండా కొని, తర్వాత బెజ్జాలను ఆకురాయితో సాగదీసేవాళ్ళూ ఉన్నారు. వాళ్ళ గురించి మాట్లాడకపోవడమే మేలు.

చక్రం తగిలించి పెద్దాయన అంచు పట్టుకుని అటూ ఇటూ కదిపాడు.

"ప్లే ఏమీ లేదు. ఉండకూడదు కూడా. పళ్ళు ఇరుసుకు ఇరవై మిల్లీమీటర్ల దూరంలో ఉన్నాయి. నీ చేతులేమో నూటయాభై దూరంలో. అక్కడ పదో వంతు మిల్లీమీటరు ఆట ఉంటే నీ వేళ్ళకు ముప్పావు మిల్లీమీటరు తెలుస్తుంది."

"తిరగేసి పెడితేనో?"

"పెట్టలేవు. ఒక పన్ను వెడల్పుగా ఉంది చూడు. ఒక్క తీరులోనే ఎక్కుతుంది. కానీ ఎక్కడం వేరు, పట్టుకోవడం వేరు. లోపల ఉక్కు గోళీలు ఉన్నాయి. కాలర్ పూర్తిగా తన చోటికి తిరిగి వస్తేనే అవి గాడిలో పడతాయి. నేను చెప్పేది విను. తగిలించాక ప్రతిసారీ రెండు చేతులతో చక్రాన్ని గుండెల కేసి లాగు. గట్టిగా. ఆ తర్వాతే తాళం తిప్పు."

"ప్రతిసారీనా?"

"ప్రతిసారీ."

హారన్ దగ్గర మాత్రం కుర్రాడికి చుక్కలు కనబడ్డాయి. బటన్ చక్రం మధ్యలో ఉంటుంది. చక్రం ఊడి వస్తుంది కనుక తీగె దానితోపాటు పోకూడదు. అందుకని ఈ క్విక్ రిలీజ్ లోపల స్ప్రింగు మీద నిలబడే చిన్న ఇత్తడి పిన్నులు ఉన్నాయి. చక్రం దగ్గరికి రాగానే అవి అవతలి రేకును తాకి కరెంటు కలుపుతాయి. పిన్ను ఒకటి వంకరపోయింది, తీగె ఒకటి తెగింది, ఫ్యూజు ఎగిరింది. శని, ఆదివారాలు దానికే ఖర్చయిపోయాయి. చివరికి అది బేమని మోగిన రోజు కుర్రాడి ఆనందం చెప్పనలవి కాదు. అప్పటి నుంచి చక్రం తగిలించిన ప్రతిసారీ హారన్ ఒక్కసారి కొట్టేవాడు. వీధి వీధంతా అతని ప్రయాణాల లెక్క తెలిసిపోయేది.

మొదట్లో లాగడమూ ఉండేది, హారనూ ఉండేది. రానురాను హారన్ మిగిలింది. మోగిందంటే తగిలినట్టే కదా అని మనసుకు తట్టింది. ఆ ఆలోచన వచ్చినట్టు కూడా అతనికి తెలియదు.

మార్చి నెల, చలి పొద్దున. కాలర్ లోపల కుర్రాడు ఎప్పుడో చిక్కటి గ్రీజు దట్టించాడు. ఎక్కువ పెడితే ఎక్కువ మంచిదనుకున్నాడు. చలికి అది బిగుసుకుపోయింది. చక్రం తోశాడు, పళ్ళలో ఎక్కింది. కాలర్ రావలసినంత రాలేదు, రెండు మూడు మిల్లీమీటర్ల దూరంలో ఆగిపోయింది. బటన్ నొక్కాడు. బేమంది. బయల్దేరాడు.

ఇంటి ముందు వాలు దిగుతూ రోడ్డు మీదికి తిప్పబోతుంటే, సీట్లో సర్దుకుందామని చక్రం పట్టుకుని కొంచెం ముందుకు లేచాడు. చక్రం చేతికి వచ్చేసింది. బ్రేకు తొక్కేలోగా కారు తిన్నగా పోయి పెద్దాయన ఇంటి పచ్చకంచెలో దూరింది. హెడ్‌లైటు ఒకటి పగిలింది. మనిషికేమీ కాలేదు.

పెద్దాయన టీ కప్పుతో బయటికి వచ్చాడు. కంచెను చూశాడు, కారును చూశాడు, కుర్రాడి ఒళ్ళో ఉన్న చక్రాన్ని చూశాడు.

"హారన్ మోగిందండీ," అన్నాడు కుర్రాడు.

"విన్నాను," అన్నాడు పెద్దాయన.

నీతి దగ్గరికి వద్దాం. ఇలాంటి కథ విన్నవాళ్ళు ముందుగా చవక సరుకు కొనకూడదంటారు. కుర్రాడు కొన్నది చవక సరుకు కాదు. ఎంత ఖరీదైన కాలర్ అయినా సగంలో ఆగితే గోళీలు గాడిలో పడవు. ఇంకొందరు అసలు ఊడే చక్రమే దండగంటారు. తొడలు ఇరుక్కునే కారులో కూర్చోని వాళ్ళు అనే మాట అది. ప్రమాదంలో డ్రైవరును బయటికి లాగాలంటే ఊడే చక్రమే ప్రాణం కాపాడుతుంది. రేసు కార్లకు, మోటారు పందాల సంస్థ ఎఫ్ఐఏ నిబంధన ప్రకారం ఆ కాలర్ పసుపు రంగులో ఉండాలి, ఇరుసు వెంట లాగితే ఊడాలి. సాయానికి పరుగెత్తుకొచ్చినవాడు వెతుక్కోకూడదని ఆ ఏర్పాటు.

నాకు తోచిన నీతి వేరు. మామూలు కారులో స్టీరింగ్ నట్టును ఫ్యాక్టరీలో ఎవరో ఒకసారి లెక్క ప్రకారం బిగించారు. ఆ చేతి మీద నమ్మకంతో మనం ఏళ్ళ తరబడి తిరుగుతాం, నట్టు సంగతే గుర్తుండదు. అలా మరిచిపోవడానికి మనకు హక్కుంది. క్విక్ రిలీజ్ పెట్టుకున్న రోజున ఆ హక్కు పోతుంది. ఇక ప్రతి పొద్దునా బిగించేవాడివి నువ్వే. ఊడదీయడాన్ని తేలిక చేసుకున్నవాడు ఫ్యాక్టరీలో ఆ మనిషి చేసిన పనిని నెత్తికెత్తుకున్నాడు. సౌకర్యం కొన్నప్పుడు ఈ సంగతి ఎవరూ బిల్లులో రాయరు. ఊడదీసే కాగితాన్ని కింది నుంచి చదివితే బిగించడం రాదు కూడా. ఊడిందో లేదో చేతికి వెంటనే తెలుస్తుంది. పట్టుకుందో లేదో అడిగితే తప్ప తెలియదు.

అడగవలసింది దేన్ని అన్నది రెండో సంగతి. హారన్ అబద్ధం చెప్పలేదు. పిన్నులు తాకాయని చెప్పింది, అవి తాకాయి. గోళీల సంగతి దానికి తెలియదు. మన ఇళ్ళల్లో గ్యాస్ సిలిండరు మార్చినప్పుడూ ఇదే వరస. ఆ రెగ్యులేటరూ దాదాపు ఇలాంటి యంత్రమే, కాలర్ ఎత్తి వాల్వు మీద నొక్కి వదిలితే టక్కుమంటుంది. స్టవ్ వెలిగింది కదా అని వంటకు దిగేస్తాం. మంట వస్తే గ్యాసు వస్తోందని మాత్రమే అర్థం. పక్క నుంచి పోవడం లేదని మంట చెప్పదు. అది తెలియాలంటే సబ్బు నీళ్ళు రాసి బుడగలు వస్తాయేమో చూడాలి. స్టవ్ వెలిగించడం మనకు ఎలాగూ అవసరమే కనుక దాన్నే పరీక్ష అనుకుంటాం. కుర్రాడికి హారన్ అలాగే దొరికింది. దాని వెనక అతని కష్టం ఉంది, మోగితే సంతోషం ఉంది. లాగి చూడటంలో సంతోషమేముంది?

ఫార్ములా వన్ వాళ్ళు ఈ విషయంలో మొహమాటపడరు. తల చుట్టూ ఉండే హాలో అనే చట్రం రాకముందు నిబంధన ఇది: బెల్టులన్నీ పెట్టుకుని కూర్చున్న డ్రైవరు చక్రం తీసి 5 సెకన్లలో బయట పడాలి, దాన్ని మళ్ళీ తగిలించడంతో కలిపి 10 సెకన్లలో పని ముగియాలి. 2018లో ఆ హాలో వచ్చాక గడువు కొంచెం పెంచారు గాని, తిరిగి పెట్టాలన్న షరతు తీసేయలేదు. ఆగిన కారును ట్రాక్ మీద నుంచి తోసేవాళ్ళకు స్టీరింగ్ కావాలి మరి.

కుర్రాడు కాలర్ విప్పి గ్రీజంతా తుడిచేశాడు, పల్చటి నూనె చుక్క వేశాడు. పెద్దాయన మగ ముక్క మీద ఎర్రగా ఒక గీత గీశాడు. కాలర్ పూర్తిగా వస్తే ఆ గీత కనబడదు, సగంలో ఆగితే కనబడుతుంది. గీత చూసినా లాగడం మానొద్దని మళ్ళీ చెప్పాడు. హారన్ పీకేస్తానన్నాడు కుర్రాడు కోపంగా. అది కుదరదు, అక్కడ కార్లకు ఏటా జరిగే ఎంఓటీ పరీక్షలో అది మోగకపోతే కారు పాసవ్వదు.